చలికి పొరలు – మూడో పాఠం: డౌన్ జాకెట్ ఎంచుకోవడం

గత రెండు పాఠాల్లో ఒంటిని అంటుకుని ఉండే లోపలి పొర గురించీ, దాని మీద వేసే ఫ్లీస్ అనే మెత్తటి సింథటిక్ స్వెటర్ గురించీ చూశాం. ఈసారి డౌన్ జాకెట్. హైదరాబాద్‌లో దీన్ని కొనడంలో ఒక తిరకాసు ఉంది. ట్రయల్ రూంలో ఏది తొడుక్కున్నా రెండు నిమిషాల్లో చెమట పడుతుంది, 'అబ్బ, ఎంత వెచ్చగా ఉందో' అనిపిస్తుంది. అందుకని ఇక్కడ ఒంటిని నమ్మొద్దు. లేబుల్ చదవండి.

డౌన్ అంటే బాతులకు పై ఈకల కింద ఉండే మెత్తటి నూగు. ఏకిన దూదిలా ఉబ్బి గాలిని పట్టి ఉంచుతుంది. వెచ్చదనం ఆ గాలిదే. లేబుల్ మీద 600, 700, 850 అని కనిపించేది ఫిల్ పవర్. ఒక ఔన్సు, అంటే సుమారు 28 గ్రాముల నూగు ఎన్ని ఘనపు అంగుళాల మేర ఉబ్బుతుందో ఆ అంకె చెబుతుంది. ఇది నూగు నాణ్యతకు గుర్తు. జాకెట్ ఎంత వెచ్చగా ఉంటుందో దీనొక్కదాంతో తేలదు. చాలామంది బోల్తా పడేది ఇక్కడే.

లోపల ఎన్ని గ్రాముల నూగు నింపారో కూడా అడగండి. దాన్ని ఫిల్ వెయిట్ అంటారు. రెండు అంకెల్నీ గుణించి చూడండి. 850 ఫిల్ పవర్‌తో 60 గ్రాములుంటే 51,000. 600తో 100 గ్రాములుంటే 60,000. పోల్చుకోడానికి ఇది మోటు లెక్కే, కానీ పనికొస్తుంది. తక్కువ ఫిల్ పవర్‌దే ఎక్కువ ఉబ్బుతుంది, కాకపోతే 40 గ్రాముల నూగు అదనంగా మోయాలి. గ్రాములు రాయని జాకెట్‌ని నేనైతే కొనను.

ఇక సైజు. నేను మొదటిది కొన్నప్పుడు టీషర్టు మీద వేసి చూసుకున్నాను. అద్దంలో బ్రహ్మాండంగా ఉంది. ఉత్తరాఖండ్‌లో కేదార్‌కంఠ ట్రెక్‌కి వెళ్లి, రాత్రి క్యాంపులో ఫ్లీస్ మీద వేసుకుంటే జిప్పు గుండెల దాకా వచ్చి ఆగింది. బలవంతంగా పైకి లాగితే నూగు అంతా అణిగిపోయింది. పదేళ్లు పడుకున్న దూది పరుపు గుర్తుందా? అలా. డబ్బు పెట్టి కొన్న గాలినంతా నేనే పిండేశానన్నమాట. రాత్రంతా వణికాను. కాబట్టి షాపుకి ఫ్లీస్ తీసుకెళ్లండి. జనం నవ్వితే నవ్వనీండి. ఫ్లీస్ మీద వేసుకుని చేతులు ముందుకు చాచినప్పుడు వీపు దగ్గర బిగుసుకోకూడదు.

తేలిక జాకెట్లలో పై గుడ్డనూ లోపలి గుడ్డనూ కలిపి నేరుగా కుట్టేస్తారు. ఆ కుట్టు గీతల దగ్గర నూగు ఉండదు, ఈదురుగాలి అక్కణ్ణుంచే దూరుతుంది. అది లోపమేం కాదు, బరువు తగ్గించినందుకు చెల్లించే మూల్యం. పైన షెల్, అంటే గాలి ఆపే పలచటి పై జాకెట్, వేసుకుంటే సరిపోతుంది. ఎక్కడైనా చిన్న ఈక బయటికి పొడుచుకొస్తే పీకకండి, దాని వెనకే ఇంకొకటి వస్తుంది. లోపలివైపు నుంచి గుడ్డతో సహా పట్టుకుని మెల్లగా వెనక్కి లాగండి.

ఏ జాకెట్ కొన్నా, కొండ ఎక్కుతున్నప్పుడు మాత్రం వేసుకోవద్దు. చెమటకి నూగు తడిసి ముద్దలు కడితే వెచ్చదనం పోతుంది. నడిచేటప్పుడు ఫ్లీస్, ఆగిన మరుక్షణం డౌన్. వానలో నడవక తప్పదనుకుంటే నూగు బదులు సింథటిక్ పీచు నింపింది తీసుకోండి. బరువు కాస్త ఎక్కువైనా తడిని తట్టుకుంటుంది.

ఇంటికి తెచ్చాక దాంతో వచ్చిన చిన్న సంచిలో కుక్కి అలాగే ఉంచెయ్యకండి. ఆ సంచి ప్రయాణానికే. బీరువాలో హ్యాంగర్‌కి వేలాడదీయండి. మన వానాకాలం తేమకి అప్పుడప్పుడు తీసి గాలి తగలనివ్వాలి.

ఈ వారం ఇంటిపని: వికారాబాద్ దగ్గరి అనంతగిరికి తెల్లవారుజామునే వెళ్లండి. ఫ్లీస్‌తో అరగంట చురుగ్గా నడిచి, ఆగి, వెంటనే డౌన్ వేసుకోండి. పది నిమిషాలు కదలకుండా కూర్చుని మెడ, నడుము, మణికట్లలో చల్లగాలి ఎక్కడ దూరుతోందో రాసుకోండి. వచ్చే పాఠంలో షెల్ ఎంచుకునేటప్పుడు ఆ కాగితం దగ్గర పెట్టుకోండి.