జగ్ బ్యాండ్ నేర్చుకుందాం – 3: కూజా కాదు, పెదవి మోగాలి

వాష్‌బోర్డు (బట్టలు రుద్దే గాడుల పలక) గీకడం, కజూ (గొంతుతో రాగం తీస్తే జుమ్మనే చిన్న గొట్టం) ఊదడం పోయిన రెండు పాఠాల్లో అయిపోయాయి. ఇక ఇంటి సామాన్లనే వాద్యాలుగా వాడే ఈ బ్యాండుకి పేరు తెచ్చిపెట్టిన జగ్గు దగ్గరికి వద్దాం.

మనకి జగ్గు అంటే నీళ్ల జగ్గే గుర్తొస్తుంది. దాని మూతి వెడల్పు, ఇక్కడ పనికిరాదు. ఆవకాయ జాడీదీ అదే సమస్య. అమెరికాలో విస్కీ, మొలాసిస్ (చిక్కటి చెరకు పాకం) పోసి ఉంచే మట్టి కూజా ఒకటుండేది. పొట్ట లావు, మెడ సన్నం, మెడ పక్కన వేలు దూరేంత చెవి. కెంటకీ రాష్ట్రంలోని లూయీవిల్‌లో నల్లజాతి కళాకారులు 1900ల మొదట్లో ఈ కూజాలతోనే బ్యాండ్లు కట్టారు. అవి 1924లో రికార్డులకెక్కాయి. అక్కడివాళ్లలో ఎర్ల్ మెక్‌డొనాల్డ్ పేరు గుర్తుపెట్టుకోండి. బేస్ (పాట అడుగున మోగే లోతైన స్వరం) వాద్యం కొనే డబ్బు లేకపోయినా బేస్ కావాలి, అందుకే కూజా.

మనం 5 లీటర్ల ప్లాస్టిక్ నూనె క్యాన్‌తో మొదలుపెడదాం. మూతి చిన్నదిగా, పొట్ట పెద్దదిగా ఉండాలి. వేడినీళ్లు, సబ్బు పోసి రెండుసార్లు బాగా కడగండి. నేను ఒక్కసారి కడిగి ఊరుకున్నాను. వారం రోజులు ఏ పాట వాయించినా వేరుశనగ నూనె వాసనే.

అంతకంటే పెద్ద తప్పు ఇంకొకటి చేశాను. సోడా బుడ్డి మూతి మీద ఊదితే ‘హూ’ అంటుంది కదా, జగ్గూ అంతే అనుకుని రెండు వారాలు అలాగే ఊదాను. తల తిరిగింది కానీ సంగీతం రాలేదు. అలా ఊదితే ఆ సీసాకి ఉన్న ఒక్క స్వరమే పలుకుతుంది. జగ్గులో స్వరం పుట్టేది పెదవుల దగ్గర. కూజా దాన్ని పెద్దది చేసి, దానికి ఒక గుమ్మటం మోత ఇస్తుంది, అంతే. సంక్రాంతికి వచ్చే జంగందేవర శంఖం పూరించేటప్పుడు ఆయన పెదవులు చూశారా? బిగించి, మధ్యలోంచి గాలి తోస్తే అవి కొట్టుకుంటాయి. పని అదే. తేడా ఏమిటంటే శంఖాన్ని పెదవికి ఆనిస్తాం, జగ్గుని ఆనించం.

కాబట్టి మొదటి మూడు రోజులు క్యాన్ ముట్టుకోవద్దు. పెదవులు కలపండి. మూలలు బిగించి, మధ్యభాగం వదులుగా ఉంచి ఊదండి. గుర్రం చీదినట్టు ‘బుర్ర్’మని వస్తే మరీ వదులైందన్నమాట. తుమ్మెద రొద లాంటిది రావాలి. బిగిస్తే స్వరం పైకి పోతుంది, వదిలితే కిందికి దిగుతుంది. బుగ్గలు పూరీల్లా పొంగనివ్వకండి. రెండేసి నిమిషాలు చేసి ఆపండి, కళ్లు తిరిగినట్టుంటే వెంటనే ఆపండి. ఎవరూ లేనప్పుడు చేస్తే ఇంట్లో ప్రశ్నలు తగ్గుతాయి.

నాలుగో రోజు క్యాన్ తీసుకోండి. పెదవికీ మూతికీ మధ్య రెండు వేళ్ల ఎడం ఉంచండి. ఆ రొదని సూటిగా లోపలికి పంపుతూ క్యాన్‌ని కొంచెం ఇటూ అటూ వంచండి. ఒకచోట హఠాత్తుగా అది ‘బూమ్’ అని బదులిస్తుంది, చేతికి కూడా అదురు తెలుస్తుంది. ఆ కోణం గుర్తుపెట్టుకోండి, ఇకమీదట మీ చోటు అదే. అమెరికాలోనే మెంఫిస్ అనే ఊళ్లో గస్ కానన్ అనే కళాకారుడు జగ్గుని మెడకి పట్టీతో తగిలించుకుని, చేతులతో బాంజో వాయిస్తూ ఊదేవాడు. చోటు తెలిసినవాడికి చెయ్యి అక్కర్లేదు.

ఇక స్వరాలు. ఫోన్‌లో శ్రుతి ఆప్ తెరిచి ఒకటో శ్రుతి పెట్టుకోండి. పెదవితో మంద్రస్థాయిలో స పట్టుకోండి, తర్వాత మ, ప. బ్లూస్ (అమెరికా నల్లజాతివాళ్ల పాటల శైలి) పాటలు చాలావరకు పన్నెండు గదుల్లో తిరుగుతాయి, గదికి నాలుగు దెబ్బలు. వరస ఇది:

స స స స
మ మ స స
ప మ స స

ఒక్కో అక్షరం ఒక్కో గది. మొదటి వారం ఒకటో దెబ్బ మీద మాత్రమే ఊదండి. రెండో వారం మూడో దెబ్బ కూడా కలపండి. అప్పుడు స గదిలో స–ప, మ గదిలో మ–స, ప గదిలో ప–రి వస్తాయి. మధ్య దెబ్బల్లో ముక్కుతో గాలి పీల్చుకోండి. ఒక స్వరం నుంచి ఇంకోదానికి జారితే తప్పేం లేదు, ఆ జారుడే దీని అందం. గమకం నేర్చినవాళ్లకి ఇక్కడ కాస్త లాభం ఉంటుంది, కానీ మరీ అలంకరిస్తే తాళం పోతుంది. జగ్గు పని పాటని నేలమీద నిలబెట్టడం.

వినాల్సినవాళ్ల దగ్గరికి వస్తే, పాతవాళ్లలో విల్ షేడ్ నడిపిన మెంఫిస్ జగ్ బ్యాండ్ వినండి. వాళ్ల రికార్డింగులు 1927లో మొదలయ్యాయి. ఆ విల్ షేడ్ దగ్గర కుర్రతనంలో తిరిగి నేర్చుకున్న చార్లీ మస్సెల్‌వైట్ హార్మోనికా ఈనాటి శ్రోతలకీ తెలుసు. ఇప్పటివాళ్లలో నేను ముందు చెప్పేది డామ్ ఫ్లెమన్స్ పేరు. 2005లో మొదలైన కెరొలైనా చాకొలెట్ డ్రాప్స్ అనే బ్యాండులో జగ్గు, బాంజో, ఎముకల చిడతలు అన్నీ ఆయన వాయించేవారు. వాళ్ల 2010 ఆల్బమ్‌కి గ్రామీ వచ్చింది. ఆయన వీడియోలు ధ్వని ఆపేసి ఒకసారి చూడండి, పెదవికీ జగ్గుకీ మధ్య ఎడం చూడ్డానికి. బ్లూస్ కళాకారుడు జెరాన్ పాక్స్‌టన్‌ని వినమనేది జగ్గు కోసం కాదు, గిటారు మీద బొటనవేలు బేస్ ఎలా నడుపుతుందో వినడానికి. మీరు ఊదబోయేది ఆ బొటనవేలి పనే.

హోంవర్క్: పన్నెండు గదులు ఆగకుండా మూడుసార్లు తిప్పి ఫోన్‌లో రికార్డు చేసుకోండి. వినేటప్పుడు స్వరం కంటే ముందు దెబ్బ చూసుకోండి.

వచ్చే పాఠం వాష్‌టబ్ బేస్. చీపురుకర్ర, గట్టి తాడు, వాడని రేకు తొట్టి ఒకటి చూసి పెట్టుకోండి. తొట్టికి చిల్లు పెట్టాలి, కాబట్టి ఇంట్లో ముందే అడగండి.