రెజల్యూట్ నుంచి గ్రీస్ ఫియోర్డ్‌కు: గంటన్నర ప్రయాణం, మూడు రోజుల ఏర్పాటు

కెనడాలో నూనావుట్ అనే ప్రాంతపు ఉత్తర కొసన ఉన్న ఊళ్లివి. నేరుగా కొలిస్తే మధ్య దూరం దాదాపు 380 కిలోమీటర్లు. ట్విన్ ఆటర్ అనే చిన్న విమానంలో గంటన్నర. రోడ్డు లేదు. సరుకుల ఓడ ఏడాదికి ఒక్కసారి, వేసవి చివర్లో వస్తుంది. ఉద్యోగం మీదో, చూడాలనో అటు వెళ్లే మనవాళ్లకు మొదట చెప్పేది ఒకటే: ఆ గంటన్నరను నమ్ముకుని తిరుగు టికెట్ కొనకండి.

నేను మొదటిసారి వెళ్లినప్పుడు రెజల్యూట్‌లో మూడు రాత్రులు ఆగిపోయాను. రోజూ పొద్దున్నే బూట్లు, పార్కా (టోపీ ఉన్న మందపాటి చలికోటు) తొడుక్కుని కూర్చోవడం, "ఈరోజు విమానం లేదు" అనగానే విప్పేయడం. ఒట్టావాకు కొన్న తిరుగు టికెట్ డబ్బులు పోయాయి. బీపీ మాత్రలేమో బరువు ఎక్కువైందని వెనక ఆపేసిన సూట్‌కేసులో ఉండిపోయాయి.

అందుకే మందులు, కళ్లజోడు, రెండు జతల ఉన్ని మేజోళ్లు, మూడు రోజుల తిండి చేతిసంచిలోనే పెట్టుకోండి. కందిపొడి, అటుకులు బరువుండవు, గడ్డకట్టి పాడవవు. రెండు ఊళ్లలోనూ కో-ఆప్ దుకాణం ఉంది, కానీ ధరలు చూస్తే గుండె ఆగుతుంది. బస కూడా ముందే మాట్లాడుకోండి, గదులు చాలా తక్కువ.

గ్రీస్ ఫియోర్డ్ రన్‌వే కంకరది, పొడవు దాదాపు అర కిలోమీటరే. వెనక కొండలు, ముందు సముద్రం. గాలి దిశ మారితే పైలట్ ఊరిదాకా వచ్చి కూడా వెనక్కి తిప్పేస్తాడు. ఆయన మీద విసుక్కోకండి. 2011 ఆగస్టు 20న, మబ్బులు కిందికి దిగిన రోజున, రెజల్యూట్‌లో దిగబోతున్న విమానం కొండను ఢీకొని 12 మంది చనిపోయారు. వేసవి కదా అని ధీమా వద్దు, సముద్రం మీది మంచు కరిగి నీళ్లు బయటపడే నెలల్లోనే పొగమంచు ఎక్కువ.

ఇంకో చిక్కు గడియారం. గ్రీస్ ఫియోర్డ్ ఒక గంట ముందుంటుంది. రెజల్యూట్‌లో పదింటికి బయల్దేరితే అక్కడ దిగేసరికి పన్నెండున్నర.

రెజల్యూట్‌లో నవంబరు మొదలు నుంచి ఫిబ్రవరి మొదటి రోజుల దాకా సూర్యుడు కనిపించడు. ఆ ఊరిని అక్కడి మూలవాసులైన ఇన్యూట్ ప్రజలు ఖౌసుయిట్టుక్ అంటారు, అంటే తెల్లవారని చోటు. 1953లో ప్రభుత్వం ఉత్తర క్యూబెక్ నుంచి కొన్ని కుటుంబాలను తెచ్చి ఈ రెండు చోట్లా దింపేసింది. ఆ తప్పుకు క్షమాపణ 2010లో గానీ రాలేదు. అంత కష్టం పడి ఇక్కడ బతకడం నేర్చుకున్నవాళ్లు "ఇవాళ బయటికి పోవద్దు" అంటే మారుమాట లేకుండా ఆగిపోండి. ధ్రువపు ఎలుగుబంట్లు తిరిగే చోటు, కాబట్టి ఊరు దాటి ఒంటరిగా నడక అసలే వద్దు.

గాలి వల్ల పెరిగే చలిని కూడా కలిపి లెక్కేస్తే మైనస్ 40 డిగ్రీలు దాటితే బయటున్న చర్మం పది నిమిషాల్లోపే గడ్డకట్టవచ్చు. బుగ్గ మీద తెల్లటి మచ్చ కనిపిస్తే రుద్దకండి, వెచ్చని అరచేయి ఆనించి లోపలికి రండి. ఫోన్ పైకోటు జేబులో ఉంటే చలికి నిమిషాల్లో ఆగిపోవచ్చు. చొక్కా లోపల, ఒంటికి తగిలేలా పెట్టుకోండి.

ఇంటికి ఫోన్ చేసినప్పుడు "సాయంత్రానికి చేరతాను" అనకండి. "ఈ వారంలో చేరతాను" అనండి. అమ్మకు టెన్షన్ తగ్గుతుంది.