ఎండ లేకపోయినా ఉక్క ఉంటుంది: వేసవిలో మారథాన్ సాధన

ఆగస్టు చివర్లో హైదరాబాద్ మారథాన్‌కి పేరు ఇచ్చినవాళ్లకి అసలు సాధన పడేది ఏప్రిల్ నుంచి జూన్ దాకా. దాళ్వా కోతలు, కాలవలు కట్టేయడం, రోహిణి కార్తె అన్నీ ఆ మధ్యలోనే. "తెల్లారకముందే పరిగెడతాం కదా, ఎండెక్కడుంది?" అని కొత్తవాళ్లంతా అంటారు. నేనూ అన్నాను. మన గోదావరి డెల్టాలో అది సగమే నిజం.

తెల్లవారుజామున నాలుగున్నరకి వేడి తక్కువే. కానీ గాలిలో తేమ ఎక్కువగా ఉండేదీ అప్పుడే. చెమట ఆరితేనే ఒళ్లు చల్లబడుతుంది. మే నెలలో అమలాపురంలోనో నరసాపురంలోనో పరిగెత్తొచ్చి బనీను పిండితే నీళ్లు కారతాయి, అంటే ఆ చెమట ఆరనే లేదు, ఒంట్లో వేడి ఒంట్లోనే ఉంది. అందుకని ఈ మూడు నెలలు వాచీలో పేస్, అంటే కిలోమీటరుకి ఎన్ని నిమిషాలో, చూడకండి. పక్కవాడితో ఆయాసం లేకుండా మాట్లాడగలిగే వేగం చాలు. చలికాలంలో కిలోమీటరు ఆరున్నర నిమిషాల్లో కొట్టినవాళ్లకి ఇప్పుడు ఏడున్నర పట్టినా టెన్షన్ అక్కర్లేదు.

వేడికి ఒళ్లు అలవాటుపడటానికి 10 నుంచి 14 రోజులు పడుతుంది. రోజూ కొద్దికొద్దిగా పెంచుకుంటూ పోవాలి. పెళ్లిళ్ల హడావిడిలో పడి మూడు వారాలు మానేస్తే ఆ అలవాటు చాలావరకు పోతుంది, మళ్లీ మొదటినుంచే.

నీళ్ల లెక్క ఊహించుకోవద్దు. పరుగుకి ముందూ, తర్వాత ఒళ్లు తుడుచుకునీ బరువు చూసుకోండి. కిలో తగ్గితే దాదాపు లీటరు పోయినట్టు, మధ్యలో తాగింది దానికి కలపాలి. బరువు పెరిగిందంటే అవసరానికి మించి తాగారు. ఉత్త నీళ్లు అతిగా తాగితే రక్తంలో సోడియం పడిపోయి తలనొప్పి, వాంతులు, ముదిరితే ఫిట్స్ కూడా వస్తాయి. దాన్ని వడదెబ్బనుకుని ఇంకా నీళ్లు పట్టిస్తే మరీ ప్రమాదం.

కోనసీమవాళ్లకి కోపం రావచ్చుగానీ, బొండాం ఒక్కటే చాలదు. అందులో పొటాషియం బాగా ఉంటుంది, సోడియం తక్కువ. చెమటలో ఎక్కువగా పోయేది సోడియమే. ఉప్పేసిన మజ్జిగ మేలు. పెద్ద పరుగైతే ఓఆర్ఎస్, 20.5 గ్రాముల ప్యాకెట్ మొత్తం లీటరు నీళ్లలో కలపాలి, సీసాలో కాస్త కాస్త చల్లుకోవడం కాదు. ఇంటికొచ్చాక పెరుగేసిన చద్దన్నం, ఉల్లిపాయ. నాకైతే ఏ ఎనర్జీ డ్రింకూ దీనికి సాటి రాలేదు. ముందురోజు రాత్రి కల్లు మాత్రం వద్దు.

లాంగ్ రన్ ఏటిగట్టు వెంట ఒకే దారిన పోయి తిరిగిరావాలనుకోకండి. ఒక మే నెలలో నేను అలాగే 14 కిలోమీటర్లు పోయి వెనక్కి తిరిగాను. 19 దగ్గర, అంత ఉక్కలో, చేతుల మీద రోమాలు నిక్కబొడుచుకున్నాయి, సన్నగా చలి. హాయిగా ఉందే అనుకున్నాను! అడుగులు తడబడుతుంటే ఓ రైతు పట్టుకుని బోరు మోటారు కింద కూర్చోబెట్టాడు. "ఎవరన్నా తరుముతున్నారేటండీ బాబూ?" అన్నాడు. ఆ చలి హాయి కాదు, ఒళ్లు వేడికి తట్టుకోలేకపోతోందని గుర్తు. అది కనిపిస్తే పరుగు అక్కడికక్కడే ఆపాలి. అప్పట్నుంచీ ఇంటి చుట్టూ నాలుగు కిలోమీటర్ల చుట్లే వేస్తున్నాను. అరుగు మీద నీళ్ల సీసా ఉంటుంది, బాగోకపోతే ఇల్లు దగ్గరే.

తోటివాడు తేడాగా మాట్లాడినా, తూలినా వడదెబ్బే అనుకోండి. ఒంట్లో వేడి 40 డిగ్రీలు దాటి ఉండొచ్చు. చెమట ఆగితేనే వడదెబ్బ అనుకుంటారుగానీ, పరిగెత్తేవాళ్లకి ఒళ్లు తడిగా ఉండగానే రావచ్చు. 108కి ఫోన్ చేసి, బండి వచ్చేదాకా ఆగకుండా చన్నీళ్లు పొయ్యండి. తొట్టి ఉంటే తల పైకి పట్టుకుని మెడదాకా ముంచండి. స్పృహ సరిగా లేనివాడి నోట్లో నీళ్లు పొయ్యకండి.

పరుగయ్యాక ఒళ్లు చల్లబరుచుకోవడానికి గోదాట్లో దూకొద్దు. ఇసుక తవ్విన గోతులు పైకి కనపడవు, అలసిన కాళ్లు నీళ్లలో పట్టేస్తాయి. గట్టు మీద పాములుంటాయి కాబట్టి చేతిలో టార్చి ఉండాలి. రోడ్డు మీదైతే బండ్లకి ఎదురుగా పరిగెత్తండి, కోతలప్పుడు సగం రోడ్డు ధాన్యానిదే. మోకాలి నొప్పికి ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ లాంటివి మింగి ఈ వేడిలో బయలుదేరితే దెబ్బ మూత్రపిండాలకి. జ్వరం, విరేచనాలు ఉన్న రోజు, కరెంటు పోయి రాత్రంతా నిద్రలేని రోజు పరుగు మానేయండి.

నైరుతి వచ్చిన మొదటి వారమూ జాగ్రత్తే. చల్లబడింది కదా అని ఒకేసారి దూరం పెంచేస్తారు. వాన వెలిసిన పొద్దున ఉక్క మే నెలకేం తీసిపోదు.