లినక్స్ బూట్ సమస్యలు, 4వ పాఠం: ఇనిట్ చచ్చిపోతే ఎగ్జిట్‌కోడ్ చదవడం

రూట్ పార్టిషన్ మౌంట్ కాకపోతే వచ్చే పానిక్ (కెర్నల్ ఇక ముందుకు పోలేక ఆగిపోవడం) గత పాఠంలో చూశాం. ఈసారి అది బాగానే మౌంట్ అయింది. కెర్నల్ మొదట నడిపే ప్రోగ్రామ్ ఇనిట్, పీఐడీ (ప్రాసెస్ నంబర్) 1గా మొదలై, వెంటనే పోయింది. స్క్రీన్ మీద "అటెంప్టెడ్ టు కిల్ ఇనిట్!" అని, పక్కనే ఒక ఎగ్జిట్‌కోడ్. చాలామంది ఇక్కడే రీఇన్‌స్టాల్‌కు దిగుతారు. ఆగండి, సగం జవాబు ఆ కోడ్‌లోనే ఉంది.

ఎవరో ఇనిట్‌ను కిల్ చేశారని కాదు. రూట్ యూజర్‌గా "కిల్ -9 1" కొట్టినా కెర్నల్ పట్టించుకోదు. ఇనిట్ తనంతట తాను ఎగ్జిట్ అయింది, లేదా సెగ్‌ఫాల్ట్ (తనది కాని మెమరీని తాకడం) లాంటిదేదో కొట్టి కూలింది.

కోడ్ హెక్సాడెసిమల్‌లో (16 ఆధారంగా) ఉంటుంది. దాని చివరి నాలుగు అంకెల్ని రెండేసిగా విడదీయండి. కుడి జత ప్రోగ్రామ్‌ను కూల్చిన సిగ్నల్, ఎడమ జత అది తానే ఇచ్చిన ఎగ్జిట్ స్టేటస్. 000బి అంటే సిగ్నల్ 11, సెగ్‌ఫాల్ట్: పాడైన లైబ్రరీనో, ర్యామ్‌నో అనుమానించాలి. 0007 బస్ ఎర్రర్. డిస్క్ చదవలేకపోయినప్పుడు ఇది వస్తుంది, ముందు కేబుల్, డిస్క్ ఆరోగ్యం చెప్పే స్మార్ట్ రిపోర్ట్ చూడండి. 0100 అయితే స్టేటస్ 1. ఇనిట్‌రామ్‌ఎఫ్ఎస్ (బూట్ మొదట్లో మెమరీలోకి వచ్చే చిన్న ఫైల్‌సిస్టమ్) స్క్రిప్ట్ మధ్యలో ఎగ్జిట్ అయిందేమో చూడాలి.

ఎక్కువ తిప్పలు పెట్టేది 7ఎఫ్00. 7ఎఫ్ అంటే 127, ప్రోగ్రామ్‌కు లైబ్రరీలు జతచేసే లోడర్‌కు కావలసిన లైబ్రరీ దొరకనప్పుడు ఇచ్చే స్టేటస్. అప్‌డేట్ మధ్యలో కరెంటు పోతే ఇలా అవుతుంది. గ్రబ్ (బూట్‌లోడర్) మెనూలో "ఈ" అక్షరం కీ నొక్కి, లినక్స్ లైన్‌లో "క్వయట్" తీసేసి, కంట్రోల్-ఎక్స్ కొట్టండి. పానిక్‌కు పైనున్న లైన్లలో లైబ్రరీ పేరు కనబడుతుంది. అక్కడ "సీపీయూ డజ్ నాట్ సపోర్ట్ ఎక్స్86-64-వీ2" అని ఉంటే మాత్రం ఫైళ్లు బాగానే ఉన్నట్టు, సీపీయూకే కావలసిన సామర్థ్యం లేనట్టు. వర్చువల్ మెషీన్‌లో రెడ్‌హ్యాట్ ఎంటర్‌ప్రైజ్ లినక్స్ 9 వేసి, సీపీయూ టైప్ కేవీఎం64 అని వదిలేస్తే వచ్చేది ఇదే. టైప్‌ను "హోస్ట్"కు మార్చండి, చాలు.

లినక్స్ లైన్‌లో "ఇనిట్=/బిన్/బ్యాష్" అని చేర్చి, ఇనిట్ బదులు బ్యాష్ షెల్‌ను నడపడం ఒక దారి. లైబ్రరీయే పోతే అది అన్నిసార్లూ పనిచేయదు. పోయింది దాదాపు అన్ని ప్రోగ్రామ్‌లూ వాడే లిబ్‌సీ అయితే బ్యాష్‌కూ అదే కావాలి కదా! లైవ్ యూఎస్‌బీతో బూట్ చేసి, రూట్ పార్టిషన్‌ను /ఎంఎన్‌టీలో మౌంట్ చేసి, సీహెచ్‌రూట్‌తో (ఆ ఫోల్డర్‌నే రూట్‌గా చూపే కమాండ్) నేరుగా సిస్టమ్‌డీ (నేటి చాలా లినక్స్‌లలో ఇనిట్ ఇదే) బైనరీని "--వెర్షన్" ఇచ్చి నడపండి. అదే ఎర్రర్ వస్తే దొంగ దొరికినట్టే. ఆ ప్యాకేజీ మళ్లీ వేయండి. వెర్షన్ నంబర్ చూపించేదాకా రీబూట్ చేయొద్దు.

బ్యాష్ ప్రాంప్ట్ వచ్చినా పని అయ్యాక "ఎగ్జిట్" కొట్టకండి. అప్పుడు బ్యాషే పీఐడీ 1, మళ్లీ అదే పానిక్. "ఎగ్జెక్ /ఎస్‌బిన్/ఇనిట్" కొట్టాలి.

సిస్టమ్‌డీ క్రాష్ అయినా పానిక్ రాకుండా "ఫ్రీజింగ్ ఎగ్జిక్యూషన్" అని ఆగిపోయే రకం 5వ పాఠంలో.