వెనక డ్యాష్‌క్యామ్ తంటాలు: ఎక్కడ చూడాలి, ఏం చేయాలి

వెనక నుంచి వచ్చి గుద్దినవాడే "సడన్ బ్రేక్ ఎందుకు వేశావ్?" అని మీదికొచ్చే రోడ్లు మనవి. అందుకే ప్రయాణాన్ని రికార్డు చేసే డ్యాష్‌క్యామ్ ముందద్దానికే కాక వెనకద్దానికీ పెట్టించుకోవడం తెలివైన పనే. కాకపోతే ముందు కెమెరా అంత తేలిగ్గా ఇది కుదురుకోదు. వైరు కారు పొడవునా పాకాలి, హ్యాచ్‌బ్యాక్ అయితే డిక్కీ తలుపు దగ్గర మడత పడాలి, కరెంటు కూడా ముందు యూనిట్ నుంచే అందాలి. కాబట్టి కెమెరా పోయిందని తీర్మానించే ముందు వైరునూ కరెంటునూ అనుమానించండి.

రెండు రోజులు బండి తీయకపోతే స్టార్ట్ కావట్లేదు

బండి ఆగి ఉన్నప్పుడూ కెమెరాను నడిపే పార్కింగ్ మోడ్ బ్యాటరీని తాగేస్తోంది. లెక్క వేసి చూడండి. రెండు కెమెరాలూ కలిపి 5 వాట్లు తీసుకుంటాయనుకుంటే 12 వోల్టుల బ్యాటరీ మీద సుమారు 0.4 ఆంపియర్లు. రోజుకు దాదాపు 10 ఆంపియర్-అవర్లు. చిన్న కార్లలో సాధారణంగా ఉండేది 35 ఆంపియర్-అవర్ల బ్యాటరీ. అదీ కొత్తదైతే. కొన్నేళ్లు వాడిన బ్యాటరీ ఒక్క రాత్రికే చేతులెత్తేయవచ్చు.

దీనికి మందు హార్డ్‌వైర్ కిట్. ఇది 12 వోల్టులను 5 వోల్టులకు దించుతుంది, బ్యాటరీ ఒక హద్దు దాటి దిగితే కెమెరాను ఆపేస్తుంది. ఆ హద్దు ఎంత పెట్టారన్నదే ముఖ్యం. బండి కొన్ని గంటలు ఆగి ఉన్నాక మల్టీమీటర్ పెడితే నిండు బ్యాటరీ 12.6 వోల్టుల దగ్గర చూపిస్తుంది. 12.2 అంటే సగం అయిపోయినట్టే. 12 కంటే కిందికి దిగితే సెల్ఫ్ అందుకోవడం కష్టం. కొన్ని కిట్లు 11.6, 11.8 దగ్గర ఆగేలా సెట్ చేసి ఉంటాయి. అలా వదిలేస్తే కిట్ ఉన్నా లేనట్టే. 12.2 లేదా 12.4 పెట్టుకోండి.

కిట్‌కు మూడు వైర్లుంటాయి. ఎక్కువ కిట్లలో పసుపుది ఎప్పుడూ కరెంటు ఉండే ఫ్యూజ్‌కు, ఎర్రది తాళం తిప్పితేనే కరెంటు వచ్చే ఫ్యూజ్‌కు, నలుపుది బాడీకి. రంగులు కంపెనీని బట్టి మారొచ్చు, కిట్‌తో వచ్చిన కాగితం చూడండి. పసుపు, ఎరుపు తారుమారైతే తాళం తీయగానే కెమెరా ఆరిపోతుంది, పార్కింగ్ మోడ్ అసలు మొదలే కాదు. నలుపు వైరు బిగించే బోల్టు కింద పెయింట్ ఉండకూడదు. వైరింగ్ కోసి అతికించే పని మాత్రం ఎవరు చేస్తామన్నా ఒప్పుకోకండి. రేపు ఎలక్ట్రికల్ సమస్య వస్తే వారంటీ దగ్గర కొర్రీ పడుతుంది. ఫ్యూజ్ బాక్సులో గుచ్చే ఫ్యూజ్ ట్యాప్ దొరుకుతుంది, అదే వాడమనండి. ఎయిర్‌బ్యాగ్, ఏబీఎస్, ఇంజిన్ ఈసీయూ (ఇంజిన్‌ను నడిపే కంప్యూటర్) ఫ్యూజ్‌ల జోలికి పోవద్దు.

ఇంతా చెప్పాక ఒక మాట. సీసీ కెమెరాలున్న అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో బండి పెట్టేవాళ్లకు పార్కింగ్ మోడ్‌తో పనేముంది? సిగరెట్ లైటర్ సాకెట్‌లో గుచ్చుకుంటే చాలు. అయితే కొన్ని కార్లలో ఆ సాకెట్ తాళం తీశాక కూడా బతికే ఉంటుంది. బండి ఆపి, కాసేపయ్యాక అందులో ఫోన్ పెట్టి చూడండి. ఛార్జ్ అవుతుంటే రోజూ దిగేటప్పుడు ప్లగ్ పీకాల్సిందే.

ముందుది బాగుంది, వెనక స్క్రీన్ నల్లగా ఉంది, లేదా వచ్చి పోతోంది

మొదట జాక్ చివరిదాకా దిగిందో లేదో చూడండి. సగం దిగిన జాక్ గతుకుల రోడ్డు మీద బొమ్మను తెచ్చి పోగొడుతూ ఉంటుంది. తర్వాత కరెంటు. స్టీరియో దగ్గరుండే యూఎస్‌బీ పోర్టులు చాలావాటిలో అర ఆంపియరో, ఒకటో వస్తుంది. దానితో ముందు కెమెరా నడిచినా, రెండోది తగిలించేసరికి చాలదు. కెమెరాతో పాటు వచ్చిన ఛార్జరే వాడండి.

అయినా తేడా లేకపోతే వైరు. వెనక కెమెరాను ఊడదీసి, ముందు సీటు దగ్గరికి తెచ్చి, వేరే వైరుతో నేరుగా తగిలించండి. బొమ్మ వస్తే కెమెరా బాగున్నట్టే. వైరు కొనేటప్పుడు అదే మోడల్‌ది అడగాలి, ఒక కంపెనీ వైరు ఇంకోదానికి పని చేస్తుందన్న నమ్మకం లేదు. హ్యాచ్‌బ్యాక్‌లో వైరు తెగే చోటు దాదాపు ఖాయం: డిక్కీ తలుపు కబ్జాల దగ్గర. ఒకరిని స్క్రీన్ చూడమని, మీరు తలుపు నెమ్మదిగా ఎత్తి దించండి. బొమ్మ మినుకుమంటే దొంగ దొరికినట్టే. కంపెనీ వైర్లు వెళ్లే రబ్బరు గొట్టంలోంచే దీన్నీ పంపించి, కాస్త వదులు ఉంచాలి.

పైనుంచి వైరు లాగేటప్పుడు ఇంకో జాగ్రత్త. కర్టెన్ ఎయిర్‌బ్యాగులున్న కార్లలో ముందు అద్దం పక్క స్తంభంలోనూ, తలుపుల పైనా ఎయిర్‌బ్యాగు మడతపెట్టి ఉంటుంది. వైరు దానికి అడ్డంగా పోకూడదు, వెనక నుంచి పోవాలి. ఇది తెలియని షాపులో పని చేయించకండి.

లైట్లు వేయగానే స్క్రీన్ మీద పార్కింగ్ గీతలు వస్తున్నాయి

వెనక వైరుకు వేలాడే సన్నటి ఎర్ర పాయ పని ఇది. దాన్ని రివర్స్ లైటుకు కలపాలి, ఎవరో టెయిల్ లైటుకు కలిపేశారు. రికార్డింగ్‌కు ఆ పాయ అవసరమే లేదు. రివర్స్‌లో వెనక దృశ్యం చూడాలనుకుంటేనే కలపండి, లేదంటే టేపు చుట్టి వదిలేయండి.

నంబర్ ప్లేటు చదవలేకపోతున్నాం

అంకెలు అద్దంలో చూసినట్టు తిరగబడి ఉంటే సెట్టింగ్స్‌లో మిర్రర్ ఆపేయండి. మసకగా ఉంటే కొనేటప్పుడే జరిగిన తిరకాసు కావచ్చు. డబ్బా మీద బొమ్మ స్పష్టత 4కే అని పెద్దక్షరాలతో ఉంటుంది, అది ముందు కెమెరాకే. వెనకది 720 కూడా అవ్వచ్చు. వెనకదానికి విడిగా ఎంతో అడగండి, 1080 కంటే తక్కువైతే వద్దు. రాత్రి ప్రయాణాలు ఎక్కువైతే తక్కువ వెలుతురులోనూ బాగా చూసే సోనీ స్టార్విస్ సెన్సర్ ఉన్నదానికి కాస్త ఎక్కువ పెట్టొచ్చు.

వెనక అద్దానికి నల్ల ఫిల్మ్ ఉంటే ఎంత మంచి సెన్సరైనా రాత్రి గుడ్డిదే. నిబంధనల ప్రకారం కూడా ముందు, వెనక అద్దాల గుండా కనీసం 70 శాతం వెలుతురు పోవాలి. లెన్స్, అద్దం మీది ఆవిరి పోగొట్టే డీఫాగర్ గీతల మధ్య, వైపర్ తుడిచే మేరలో ఉండాలి. కెమెరాను నిలిపే స్టిక్కర్ మాత్రం గీతల మీద అంటించకండి, పీకేటప్పుడు గీతా ఊడొస్తుంది. ఎల్‌ఈడీ లైట్లు వణుకుతున్నట్టు కనిపిస్తే ఫ్రీక్వెన్సీ 50 హెర్ట్జ్‌కు మార్చండి.

మధ్యాహ్నం ఆన్ కావట్లేదు, అద్దం నుంచి ఊడిపోతోంది

మే నెలలో రెంటచింతలలోనో రామగుండంలోనో ఎండలో ఆపిన కారు లోపల 60 డిగ్రీలు దాటడం వింత కాదు. లిథియం బ్యాటరీ ఉన్న కెమెరాలు ఆ వేడికి ఉబ్బుతాయి. బ్యాటరీకి బదులు, వేడిని తట్టుకునే సూపర్‌కెపాసిటర్ ఉన్నదే కొనండి, మన ఎండలకు ఇందులో రెండో ఆలోచన వద్దు. అతికించే ముందు అద్దాన్ని స్పిరిట్‌తో తుడిచి పూర్తిగా ఆరనివ్వాలి.

ఎఫ్ఎంలో గరగర

నాసిరకం ఛార్జర్. మార్చండి.

గుద్దాడు గాని, క్లిప్ లేదు

కార్డు నిండగానే పాత ఫైళ్ల మీద కొత్తవి పడతాయి. రెండు కెమెరాలూ కలిపి సెకనుకు 25 మెగాబిట్లు రాస్తే గంటకు సుమారు 11 జీబీ. 64 జీబీ కార్డు హైదరాబాద్ నుంచి విజయవాడ చేరేసరికి దాదాపు నిండుతుంది. పదేపదే రాసినా తట్టుకునే 128 జీబీ హై ఎండ్యూరెన్స్ కార్డు వేసి, అప్పుడప్పుడు కెమెరాలోనే ఫార్మాట్ చేస్తుండండి. ఫోన్లో వాడి తీసేసిన కార్డు ఈ పనికి ఎక్కువ కాలం ఆగదు. తేదీ, టైమ్ కూడా సరిచూసుకోండి. తప్పు టైమ్ ఉన్న వీడియోను అవతలి లాయరు సులువుగా ప్రశ్నిస్తాడు.

ప్రమాదం జరిగితే ఆ క్లిప్ చెరిగిపోకుండా అక్కడే లాక్ బటన్ నొక్కి, కరెంటు తీసేసి, కార్డు బయటికి లాగండి. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షన్ కింద ఇలాంటి రికార్డును కోర్టులో పెట్టాలంటే సర్టిఫికెట్ జతచేయాలి. వాట్సాప్‌లో బంధువులకు ఎన్ని కాపీలు పంపినా, ఆ కార్డును అలాగే తీసి దాచండి. కెమెరాలోకి వేరేది కొనుక్కోండి.