మందు పంపు అడిగితే ఇచ్చే ముందు

సిరొంచ తాలూకాలో వరి మడి, పత్తి చేను, మిరప తోట పక్కపక్కనే ఉంటాయి. వానాకాలంలో మందు పంపు ఒక ఇంట్లో ఆగదు. "బావా, పంపు ఒక్క పూట ఇయ్యరాదు" అంటే కాదనలేం. ఇవ్వండి, కానీ ముందు అడగండి: పురుగు మందుకా, గడ్డి మందుకా?

గడ్డి మందుకైతే పత్తికి వాడే పంపు ఇవ్వకండి. వరిలో వెడల్పాకు కలుపుకు కొట్టే 2,4-డి మరీ ప్రమాదం. ట్యాంకు అడుగున, పైపులో, వాషర్ల సందులో కాస్త మిగిలినా చాలు, పత్తి చిగురాకులు బెండాకుల్లా చీలిపోతాయి, కాడలు మెలితిరుగుతాయి, పూత దెబ్బతింటుంది. మిరపకూ అంతే. చాలామంది అది తెగులనుకుని ఇంకో మందు కొడతారు, ఆ డబ్బూ దండగే. పాత చేతి పంపు ఉంటే ఎర్ర రంగు పూసి గడ్డి మందుకే ఉంచండి, అడిగినవాళ్లకు అది ఇవ్వండి.

తిరిగొచ్చాక గడ్డి మందు కొట్టారని తెలిస్తే వట్టి నీళ్లతో కడిగితే సరిపోదు. చేతులకు తొడుగులేసుకుని, బావికీ వాగుకీ దూరంగా, ముందు సర్ఫు నీళ్లతో కడగండి. తర్వాత 16 లీటర్ల ట్యాంకు నింపి 100 నుంచి 150 గ్రాముల బట్టల సోడా కలపండి. గన్ను నొక్కి ఆ నీళ్లు నాజిల్ దాకా రానిచ్చి, రాత్రంతా అలాగే ఉంచండి. నాజిల్, జల్లెడ విప్పి విడిగా నానబెట్టండి, అసలు మందు దాక్కునేది అక్కడే. పొద్దున పారబోసి మూడుసార్లు మంచినీళ్లు కొట్టండి. అయినా నేరుగా చేనులోకి దిగొద్దు. గట్టు పక్క రెండు మూడు పత్తి మొక్కల మీద ఆ పంపుతో వట్టి నీళ్లు కొట్టి నాలుగు రోజులు చూడండి. చిగుళ్లు మెలిపడితే మళ్లీ కడగాల్సిందే.

బ్యాటరీ పంపు నిండా ఛార్జింగుతో ఇవ్వండి, అలాగే తెమ్మనండి. లెడ్ బ్యాటరీ ఖాళీగా పడుంటే పాడవుతుంది.

టూ స్ట్రోక్ తైవాన్ పంపుకైతే పెట్రోలు మీరే కలిపి డబ్బాలో పంపండి. సాధారణంగా లీటరుకు 40 మిల్లీలీటర్ల టూ స్ట్రోక్ ఆయిల్, మీ పంపు మీద వేరే కొలత రాసుంటే అదే. ఆయిల్ లేకుండా నడిపితే పిస్టన్ పట్టేస్తుంది, ఆ ఖర్చు ఎవరిదన్న దగ్గరే చుట్టరికం చెడుతుంది. అందుకే వాషర్, నాజిల్, ఇంజను ఏది పోయినా ఎవరు పెట్టుకోవాలో ఇచ్చేటప్పుడే అనుకోండి.