విదేశీ పైలట్ లైసెన్సును ఇండియన్ లైసెన్సుగా మార్చుకోవడం ఎలా?

అమెరికాలో కమర్షియల్ పైలట్ చెక్‌రైడ్ (ఎగ్జామినర్‌తో కలిసి ఎగిరే ఆఖరి పరీక్ష) పాసైన రోజు ఎగ్జామినర్ చేతిలో పెట్టేది తాత్కాలిక లైసెన్సుగా ఓ తెల్ల కాగితం. దాని ఆయుష్షు 120 రోజులు. ఆలోగా అసలు ప్లాస్టిక్ కార్డు పోస్టులో వస్తుంది. అంత ఖర్చు పెట్టి, అంత కష్టపడి సంపాదించిన ఆ కార్డు జేబులో ఉన్నా, బేగంపేటలో ఆగి ఉన్న చిన్న సెస్నాను పైలట్ సీట్లో కూర్చుని గాల్లోకి లేపడానికి అది పనికిరాదు.

కారణం విమానం మీద రాసి ఉండే అక్షరాల్లోనే ఉంది. మన విమానాల రిజిస్ట్రేషన్ ‘వీటీ’తో మొదలవుతుంది, అమెరికావి ‘ఎన్’తో. విమానం ఏ దేశానిదో ఆ దేశం ఇచ్చిన లైసెన్సు గానీ, ఆ దేశం చెల్లుతుందని ఒప్పుకున్న లైసెన్సు గానీ పైలట్ దగ్గర ఉండాలి. 1944 నాటి షికాగో ఒప్పందం నుంచీ నడుస్తున్న పద్ధతి ఇది.

ఇందులోనే రెండు దారులున్నాయి. విదేశీ లైసెన్సు అలాగే ఉంచి, దాని ఆధారంగా కొంతకాలం మన విమానం నడపడానికి అనుమతిస్తే అది వాలిడేషన్. మన ఎయిర్‌లైన్స్‌లో పనిచేసే విదేశీ పైలట్లకు మన విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ ఇచ్చే ‘ఫాటా’ అనే తాత్కాలిక అనుమతి ఇలాంటిదే. దాని కోసం తిరగాల్సిన పని చాలావరకు కంపెనీదే కాబట్టి ఇక్కడ దాని జోలికి పోవడం లేదు. విదేశీ లైసెన్సు చూపించి సొంతంగా ఇండియన్ సీపీఎల్ (కమర్షియల్ పైలట్ లైసెన్సు) తీసుకోవడం కన్వర్షన్. మన ఊళ్ల నుంచి అమెరికా, దక్షిణాఫ్రికా, న్యూజిలాండ్ వెళ్లి ఫ్లయింగ్ నేర్చుకొచ్చే పిల్లలకు కావాల్సింది ఇదే. ఉదాహరణకు అమెరికన్ లైసెన్సునే తీసుకుంటున్నాను.

ముందే ఒక మాట. కన్వర్షన్‌లో ఇబ్బంది పడేవాళ్లలో విమానం నడపడం రానివాళ్లు నాకు కనిపించలేదు. తారీఖుల దగ్గర, కాగితాల దగ్గరే దెబ్బ తింటారు. అందుకే కింద చెప్పే పనుల్లో సగం విమానం ఎక్కకముందు చేసేవే.

మొదటి పని: వీసాకు ముందే ఇంట్లో తేల్చుకోవాల్సినవి

ఇంటర్‌లో ఏ గ్రూపో చూసుకోండి. సీపీఎల్‌కు ఇంటర్ స్థాయిలో ఫిజిక్స్, మ్యాథ్స్ రెండూ అడుగుతారు. ఎంపీసీ వాళ్లకు చింత లేదు. బైపీసీలో మ్యాథ్స్ ఉండదు, ఎంఈసీలో ఫిజిక్స్ ఉండదు. తగ్గిన సబ్జెక్టును ఎన్ఐఓఎస్ (కేంద్ర ప్రభుత్వ ఓపెన్ స్కూల్) ద్వారా రాసుకోవచ్చు. దాన్ని వెళ్లకముందే రాసేయండి. ఈ నిబంధన సడలించాలన్న మాట వినిపిస్తోంది కాబట్టి దరఖాస్తు నాటికి ఏది అమల్లో ఉందో చూసుకోవాలి.

తర్వాత పేరు. మనవాళ్లకు ఇది పెద్ద తలనొప్పి. పదో తరగతి మెమోలో ‘కొత్తపల్లి సాయి కిరణ్’ అని ఇంటిపేరు ముందు ఉంటుంది. ఇంటర్ మెమోలో ‘కె. సాయి కిరణ్’. పాస్‌పోర్టులో ఇంటిపేరు వేరే గడిలోకి పోయి ‘సాయి కిరణ్ కొత్తపల్లి’ అవుతుంది, అమెరికన్ కార్డు మీద కూడా అదే అచ్చవుతుంది. మూడూ ఒకరే అని మీకు తెలుసు, ఫైలు చూసే ఆయనకు తెలియదు. పాస్‌పోర్టును మెమోకు సరిపోయేలా ముందే దిద్దించుకుంటే తర్వాత అఫిడవిట్ల కోసం తిరిగే పని తప్పుతుంది.

మెడికల్ కూడా ఇక్కడిదే కావాలి. అమెరికాలో తీసుకున్న ఫస్ట్ క్లాస్ మెడికల్ మన డీజీసీఏకు చెల్లదు. ముందు క్లాస్ 2, ఆ తర్వాత క్లాస్ 1. క్లాస్ 1 పాస్ కాకుండా లక్షలు పోసి విదేశానికి పంపడమంటే పునాది చూడకుండా ఇల్లు కొన్నట్టే. కంటి చూపులోనో, రంగులు గుర్తుపట్టడంలోనో, ఈసీజీలోనో ఏదైనా తేడా ఉంటే అది డబ్బు కట్టకముందే తెలియాలి. కుర్రవాళ్లకు క్లాస్ 1 ఏడాది చెల్లుతుంది. ట్రైనింగ్ ఎక్కువ కాలం పడితే తిరిగొచ్చాక రెన్యువల్ చేయించాలి, దానికి అపాయింట్‌మెంటు దొరకడానికి పట్టే రోజులు కూడా లెక్కలో పెట్టుకోండి.

ఇక కంప్యూటర్ నంబర్, అంటే డీజీసీఏ అభ్యర్థికి ఇచ్చే గుర్తింపు సంఖ్య. డీజీసీఏ పరీక్ష రాయాలంటే ఇది ఉండాలి. మీ పదో తరగతి, ఇంటర్ సర్టిఫికెట్లు నిజమైనవేనని బోర్డు నుంచి ధృవీకరణ అడుగుతారు. బోర్డు ఆఫీసు చుట్టూ మీరే తిరగడం ఒక ఎత్తు, మీరు ఫీనిక్స్‌లో ఉండి నాన్నగారిని తిప్పడం ఇంకో ఎత్తు.

రెండో పని: లాగ్‌బుక్

ఎగిరిన ప్రతి గంటా రాసుకునే పుస్తకం ఇది. ఎక్కువమంది చిక్కుకునేది ఇక్కడే. మనకు కావాల్సిన గంటలు ఇవి. దరఖాస్తుకు ముందు ఐదేళ్లలో మొత్తం 200 గంటలు. అందులో 100 గంటలు పైలట్ ఇన్ కమాండ్‌గా (విమానం బాధ్యత మొత్తం తనదే అయిన పైలట్‌గా), అంటే పీఐసీగా. పీఐసీలోనే 20 గంటలు క్రాస్ కంట్రీ (ఒక చోటి నుంచి దూరంగా ఉన్న మరో చోటికి ఎగరడం), అందులో ఒకటి 300 నాటికల్ మైళ్లకు, అంటే దాదాపు 555 కిలోమీటర్లకు తగ్గకుండా, రెండు వేర్వేరు ఎయిర్‌ఫీల్డుల్లో పూర్తిగా ఆగి దిగుతూ చేసినది. ఇన్‌స్ట్రుమెంట్ సమయం (బయటికి చూడకుండా మీటర్లు చూస్తూ నడపడం) 10 గంటలు, అందులో సిమ్యులేటర్ 5 మించకూడదు. రాత్రిపూట పీఐసీగా 5 గంటలు, 10 టేకాఫ్‌లు, 10 ల్యాండింగ్‌లు. ఇన్‌స్ట్రుమెంట్ రేటింగ్ కూడా కావాలంటే (అలా మీటర్ల మీదే ఆధారపడి నడిపే అర్హత, ఉద్యోగానికి అది ఉండాల్సిందే) పీఐసీ క్రాస్ కంట్రీ 50 గంటలకు, ఇన్‌స్ట్రుమెంట్ సమయం 40 గంటలకు పెరుగుతుంది. ఆ నలభైలో సిమ్యులేటర్ 20 దాటకూడదు.

‘పార్ట్ 61’ అనే మామూలు అమెరికా నిబంధనల దారిలో కమర్షియల్ లైసెన్సుకు 250 గంటలు కావాలి కాబట్టి మొత్తం గంటలకు లోటు రాదు. చిక్కు వివరాల్లో ఉంది. అక్కడ కూడా 300 మైళ్ల క్రాస్ కంట్రీ, రాత్రి 5 గంటలు, 10 ల్యాండింగ్‌లు అడుగుతారు. చూడ్డానికి అచ్చం మనవే. కానీ సోలోగా చేయాల్సిన ఆ గంటలను అక్కడ ఇన్‌స్ట్రక్టర్ పక్కన ఉండగా కూడా చేయనిస్తారు. మనకు పీఐసీ కావాలి. బీమా పేరు చెప్పి స్కూలు వాళ్లు ఇన్‌స్ట్రక్టర్‌ను ఎక్కిస్తామంటే, ‘నా కన్వర్షన్‌కు ఇవి ఒంటరిగా చేసినవే కావాలి’ అని చేరేముందే కాగితం మీద రాయించుకోండి. ఆ 300 మైళ్ల ఫ్లైట్‌లో టచ్ అండ్ గో చేసి (చక్రాలు ఆనించి వెంటనే మళ్లీ లేచి) వెళ్లిపోకుండా రెండు చోట్లా పూర్తిగా ఆగండి. ఆగినట్టు లాగ్‌బుక్ రిమార్కుల్లో రాయండి.

సేఫ్టీ పైలట్ గంటలతోనూ జాగ్రత్త. ఇద్దరు స్టూడెంట్లు కలిసి వెళ్తారు. ఒకరు బయట కనిపించకుండా హుడ్ పెట్టుకుని మీటర్లు చూస్తూ నడుపుతారు, రెండోవారు బయట గమనిస్తారు. కొన్ని షరతులతో ఇద్దరూ ఆ గంటను పీఐసీగా రాసుకోవడానికి అమెరికా విమానయాన నియంత్రణ సంస్థ ఎఫ్‌ఏఏ ఒప్పుకుంటుంది. ఖర్చు సగమవుతుంది కాబట్టి అందరూ చేస్తారు. మీరూ చేయండి, కానీ మన 100 గంటల లెక్కలో వాటిని నమ్ముకోవద్దు. వాటిని తీసేసినా వంద నిండేలా చూసుకోండి.

ఇక దశాంశాల సంగతి. అమెరికాలో గంటను పది భాగాలు చేసి రాస్తారు. 0.1 అంటే 6 నిమిషాలు. మన లాగ్‌బుక్‌లో గంటలు, నిమిషాలు రాయాలి. మా పిన్ని కొడుకు తిరిగొచ్చాక ఇద్దరం భోజనాల బల్ల మీద రెండు లాగ్‌బుక్‌లు పరుచుకుని కూర్చున్నాం. వాడు 1.3ను 1:30 అని ఎక్కించుకుంటూ పోయాడు. నిజానికి అది 1:18. 1.2 అంటే 1:12, 1.4 అంటే 1:24. ఒక్కోటి పది, పన్నెండు నిమిషాల తేడాయే కదా అనిపిస్తుంది, ఎనిమిది ఫ్లైట్ల పేజీ కింద కూడితే గంటన్నర తేలింది. అలాంటివి పదిహేడు పేజీలు! అన్నీ కొట్టేసి మళ్లీ రాశాడు. అబద్ధం రాయాలని కాదు పాపం, చూసేవాళ్లకు మాత్రం అది దొంగ లెక్కలాగే కనిపిస్తుంది. పాయింటు తర్వాత అంకెను ఆరుతో గుణించండి, అంతే.

సమయం యూటీసీలో (ప్రపంచమంతటికీ ఒకటే అయిన ప్రామాణిక సమయంలో) రాశారా, అక్కడి లోకల్ టైములో రాశారా అన్నది మొదటి పేజీ నుంచి ఒకేలా ఉండాలి. పాస్‌పోర్టు స్టాంపుతో పోలిస్తే, మీరు ఇండియాలో ఉన్న రోజున అరిజోనాలో ఎగిరినట్టు తేలకూడదు. ప్రతి పేజీ కింద ఇన్‌స్ట్రక్టర్ సంతకం, ఆయన లైసెన్సు నంబరు ఉండాలి. చివర్లో స్కూలు నుంచి గంటల వివరాలతో ఉత్తరం తీసుకోండి. అక్కడ రబ్బరు స్టాంపు అలవాటు తక్కువ, మన ఆఫీసుల్లో స్టాంపు లేని కాగితం కాగితమే కాదు. సిగ్గుపడకుండా అడిగి వేయించుకోండి, నవ్వితే నవ్వనీయండి.

మూడో పని: ఆర్నెల్ల గడియారం

100 గంటల పీఐసీలో కనీసం 15 గంటలు దరఖాస్తుకు ముందు ఆరు నెలల్లో ఎగిరినవై ఉండాలి. నైపుణ్య పరీక్షలకు కూడా అదే ఆర్నెల్ల గడువు. అవి నాలుగు: పగటి జనరల్ ఫ్లయింగ్, రాత్రి జనరల్ ఫ్లయింగ్, మధ్యలో కనీసం ఒకచోట ఆగి దిగే 250 నాటికల్ మైళ్ల పగటి క్రాస్ కంట్రీ, ఎక్కడా దిగకుండా బయల్దేరిన చోటికే వచ్చే 120 నాటికల్ మైళ్ల రాత్రి క్రాస్ కంట్రీ. ఇన్‌స్ట్రుమెంట్ రేటింగ్ చెక్ వేరే.

సగటు కుర్రాడి కథ ఇలా నడుస్తుంది. తిరిగొచ్చి నెల రోజులు చుట్టాల ఇళ్లు. తర్వాత మెడికల్ రెన్యువల్. తర్వాత డీజీసీఏ పేపర్ల కోచింగ్, మొదటిసారి ఒకటి పోవడం, మళ్లీ రాయడం. అన్నీ అయ్యేసరికి చివరి ఫ్లైట్ అయి ఎనిమిది నెలలు. ఇక ఇక్కడి ఫ్లయింగ్ స్కూల్లో చేరి గంటకు అంత అని కట్టి 15 గంటలు, చెక్‌లు మళ్లీ ఎగరాలి. వానాకాలమైతే ఆకాశం ఎప్పుడు తెరిపిస్తుందా అని హ్యాంగర్ ముందు కూర్చోవాలి. ఆ టెన్షన్ వద్దంటే పేపర్లు ముందే రాసి వెళ్లాలి, చివరి 15 గంటలు, చెక్‌లు తిరుగు ప్రయాణానికి ముందు వారాల్లో పెట్టుకోవాలి. అక్కడి ఎగ్జామినర్ చేసిన ఏయే చెక్‌లను ఏ ఫారంలో రాయిస్తే లెక్కలోకి తీసుకుంటారో డీజీసీఏ తాజా సర్క్యులర్ చూసి, ఆ ఫారాలు వెంట తీసుకెళ్లండి.

నాలుగో పని: పరీక్షలు, రేడియో

చెల్లుబాటులో ఉన్న విదేశీ లైసెన్సు చేతిలో ఉంటే రెండు పేపర్లు: ఎయిర్ రెగ్యులేషన్స్, నావిగేషన్‌ను వాతావరణ శాస్త్రాన్ని కలిపిన కాంపోజిట్. రెండింటికీ 70 శాతం రావాలి. వెళ్లకముందే రాసేవాళ్లు మాత్రం మామూలు సీపీఎల్ పేపర్లు రాస్తారు, కాస్త ఎక్కువ చదువు, కానీ మనశ్శాంతి.

అమెరికాలో చదివినవాళ్లకు ఇక్కడ కొత్తగా అనిపించేవి కొన్ని ఉంటాయి. అక్కడ ఆల్టిమీటర్ (ఎత్తు చూపే మీటర్) ప్రామాణిక సెట్టింగ్ పాదరస అంగుళాల్లో 29.92, ఇక్కడ హెక్టాపాస్కల్స్‌లో 1013. అక్కడ విజిబిలిటీ మైళ్లలో, ఇక్కడ మీటర్లలో. అక్కడ ట్రాన్సిషన్ ఆల్టిట్యూడ్ (ఆ ప్రామాణిక సెట్టింగ్‌కు మారే ఎత్తు) దేశమంతా 18,000 అడుగులు, ఇక్కడ ఎయిర్‌పోర్టును బట్టి. అక్కడ రాత్రిపూట వీఎఫ్ఆర్‌లో (బయట కళ్లతో చూస్తూ నడిపే పద్ధతిలో) హాయిగా తిరిగి ఉంటారు, ఇక్కడ మామూలుగా అది కుదరదు. వాతావరణంలో టోర్నడోలు పక్కన పెట్టి నైరుతి రుతుపవనాలు, పశ్చిమ అలజడులు, బెంగాల్ వైపు వేసవి సాయంత్రాల్లో విరుచుకుపడే కాలబైశాఖి గాలివానలు చదవాలి.

రేడియోలో మాట్లాడటానికి ఆర్టీఆర్ లైసెన్సు కావాలి. ఇది ఎన్నో ఏళ్లుగా టెలికాం శాఖ చేతుల్లో ఉండేది. 2025 జనవరి 1న అమల్లోకి వచ్చిన భారతీయ వాయుయాన్ అధినియమ్ దీన్ని డీజీసీఏకు మార్చింది, కాబట్టి పాత వీడియోలు చూసి పాత ఆఫీసుకు దరఖాస్తు పంపకండి. నోటి పరీక్షలో అమెరికన్ యాసలో గబగబా మాట్లాడితే మార్కులు రావు. నిలకడగా, పుస్తకంలో ఉన్న వాక్యమే చెప్పాలి.

ఐదో పని: ఫైలు పెట్టడం

దరఖాస్తు డీజీసీఏ వారి ఆన్‌లైన్ పోర్టల్ ఈజీసీఏలోనే. అక్కడి ఎలక్ట్రానిక్ లాగ్‌బుక్‌లో మీ గంటలు ఎక్కించి, లైసెన్సు, మెడికల్, రిజల్టులు, ఆర్టీఆర్, ఇంగ్లిష్ ప్రావీణ్యం, చెక్ రిపోర్టులు, పాస్‌పోర్టు పేజీలు జతచేయాలి. విదేశీ లైసెన్సు నిజమైనదేనని ఇచ్చిన దేశం నుంచే డీజీసీఏకు కబురు రావాలి. ఎఫ్‌ఏఏ దగ్గర పైలట్ వివరాలు చూసే విభాగం ఓక్లహోమా సిటీలో ఉంది. మీ వైపు నుంచి వెళ్లాల్సిన అర్జీని ఫైలుతో పాటు కాకుండా ముందే పంపండి. అనుమానంగా చూస్తున్నారేంటని నొచ్చుకోకండి. 2011లో నకిలీ మార్కుల లిస్టులతో లైసెన్సులు పొందిన పైలట్లు పట్టుబడి అరెస్టులు జరిగాయి. ఆ చేదు వాళ్లకింకా గుర్తుంది.

ఏదైనా కొర్రీ పెడితే ఫోన్లు చేస్తూ కూర్చోకుండా, అడిగిన ఆ ఒక్క కాగితాన్నే సరిగ్గా పెట్టి తిరిగి పంపండి. అన్నీ సరిపోతే వచ్చే సీపీఎల్ ఇప్పుడు పదేళ్లకు చెల్లుతుంది, 2023 అక్టోబరుకు ముందు ఐదేళ్లే ఉండేది. 2025 ఫిబ్రవరి నుంచి లైసెన్సు ఫోన్‌లోనే ఎలక్ట్రానిక్ రూపంలో కనిపిస్తోంది.

డాలస్‌లోనో న్యూజెర్సీలోనో ఉంటూ, ఇండియన్ లైసెన్సుతో అక్కడ వారాంతాల్లో ఎగరాలనుకునేవాళ్లు ఇదే పనిని తిరగేసి చేయాలి. ఎఫ్‌ఏఏ 61.75 నిబంధన కింద దరఖాస్తు చేస్తే రాత పరీక్ష లేకుండా ప్రైవేట్ పైలట్ సర్టిఫికెట్ ఇస్తారు. మీది కమర్షియల్ అయినా వచ్చేది ప్రైవేటే. అది మీ ఇండియన్ లైసెన్సు మీద ఆధారపడి బతుకుతుంది కాబట్టి ఎగిరేటప్పుడు రెండూ జేబులో ఉండాలి, ఇక్కడిది చెల్లకుండా పోయిన రోజు అదీ చెల్లదు.